దొరగారికి వదిలిన జాగా

‘జ్ఞా’ కింది వత్తులో చిక్కుకున్న రాతిపొడిని సోమాచారి ఉఫ్‌మని ఊదాడు. ఊదిన పాపానికి దగ్గు అందుకుంది. గోడకు ఆనుకుని, కళ్ళనీళ్ళు వచ్చేదాకా దగ్గి, మెడలోని తువ్వాలుతో మూతి తుడుచుకుని, సన్నకుంచె ఎర్రరంగులో ముంచాడు. మొరటు వేళ్ళు, గోళ్ళ చుట్టూ ఎంత తోమినా పోని బూడిదరంగు. ఎడమచేతి బొటనవేలు సుత్తిదెబ్బలకు ఏనాడో చదునైపోయింది. అయినా కుంచె అక్షరం అంచు దాటలేదు.

నల్లరాయి మీద అన్నీ చెక్కడమైంది, రంగు కూడా పూర్తి కావస్తోంది. ‘గుర్రాలు నీళ్ళు తాగడానికి ఈ రాతితొట్టిని హెన్లీ’ అని ఉంది. తరువాత జానెడు జాగా బోసిగా ఉంది. ఆ తరువాత ‘జ్ఞాపకార్థం ఆయన భార్య కట్టించింది’. ఆ బోసి జాగాను చూసినప్పుడల్లా సోమాచారికి ఒళ్ళు మండిపోతోంది.

చిక్కడపల్లి సందు మొగలో ఉన్న ఆ తొట్టి కథ పెద్దదేం కాదు. నవాబుల కాలంలో తెల్లవాళ్ళ రెసిడెన్సీ గుర్రాలకు వైద్యం చేసిన హెన్లీ విషజ్వరంతో పోయాడు. ఆయన భార్య తన దేశం వెళ్ళిపోతూ, జట్కా గుర్రాలకని తొట్టి కట్టించి వెళ్ళింది. జట్కాలూ పోయాయి. తొట్టి మాత్రం కొన్నాళ్ళు చెత్తకుండీ అయింది, కొన్నాళ్ళు అరటిపళ్ళబండికి ఆసరా అయింది. ఇన్నేళ్ళకు కాలనీ కమిటీకి దానిమీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. చుట్టూ కమ్మీలు వేయించి, చరిత్ర చెక్కిన రాయి నిలబెడదామన్నారు. అక్కడిదాకా బాగానే ఉంది.

కమిటీ కార్యదర్శి జోగారావు ‘హెన్లీ దొరగారి జ్ఞాపకార్థం’ అని రాసిచ్చాడు. ఆయన తండ్రిది కాకినాడ. వాళ్ళవైపు తెల్లవాడంటే దొరే. అధ్యక్షుడు విద్యాసాగర్‌ది నల్లగొండ పక్క పల్లె. ఆయన తాత ఊరి దొర గడీలో వెట్టి చేసి నడుము విరగ్గొట్టుకున్న మనిషి. ఆ మాట చూడగానే ఆయన అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. అసలే రెండువేల పదమూడు, తెలంగాణ రాష్ట్రం ఇస్తారా ఇవ్వరా అని ఊరంతా ఉడికిపోతున్న కాలం. ఆ ఒక్కమాట తేలేదాకా జాగా వదలమన్నారు. రేపు పొద్దున్నే ఆవిష్కరణ. ఇంతవరకూ తేల్చి చావలేదు.

సోమాచారికి దొర ఉంటే ఎంత, ఊడితే ఎంత! అతని బాధ వేరు. నారాయణగూడలో ఈ రేకులకింద కూర్చుని అతను చెక్కిన రాళ్ళకు లెక్కలేదు. శంకుస్థాపన రాళ్ళు చెక్కితే భవనాలు లేవలేదు, రాళ్ళు పొదల్లో పడ్డాయి. అశోక్‌నగర్ ఇళ్ళకు పేర్లు చెక్కితే, ఇళ్ళు కూలగొట్టి హాస్టళ్ళు కట్టారు. తను చెక్కినది ఒక్కటంటే ఒక్కటి నిలిచి ఉందా అంటే లేదు. ఈ తొట్టిని మాత్రం ఎవడూ పీకడు. ఈ ఒక్క రాయి నిలబడితే చాలని అతని ఆశ.

మధ్యాహ్నం కమల సద్ది తెచ్చింది. భర్త ఛాతీలోంచి వస్తున్న గురగుర విని, గిన్నె ఠప్పున కింద పెట్టింది.

“డాక్టరు బంద్ జేయమన్నడా లేదా? ఆ దుమ్ము మింగి మింగి పానం తీసుకుంటవా ఏంది?”

“రేపట్నుంచి బంద్. ఈ ఒక్కటి కానియ్యి.”

“ఎప్పుడూ ఇదే మాట నీది,” అని విసుక్కుంటూ వెళ్ళిపోయింది.

అతను చెయ్యి కడుక్కునేలోపే కమిటీవాళ్ళిద్దరూ దిగారు. వస్తూనే మొదలు.

“ఉత్త హెన్లీ అంటే పనివాణ్ణి పిలిచినట్టుంటుందండీ. చనిపోయినవాళ్ళకి మర్యాద ఉండాలా వద్దా?” అన్నాడు జోగారావు.

“మర్యాదకు దొరనే దొరికిండా? సాహెబ్ అని పెట్టుండ్రి,” అన్నాడు విద్యాసాగర్.

“సాహెబంటే నవాబు కొలువులో వాడనుకుంటారండీ. కుదరదు!”

“అయితే దొర గూడ కుదరదు. ఇది మా ఆత్మగౌరవం సంగతి.”

సోమాచారికి ఓపిక అయిపోయింది. “జర ఆగుండ్రి సారూ! ఆయన పోయి వందేండ్లాయె. ఆయనకు లేని పరేషానీ మీకేంది? ఏదో ఒకటి చెప్పి పుణ్యం కట్టుకోండ్రి!”

ఇద్దరూ అతనివంక చిరాగ్గా చూశారు. ఎన్నడూ ఏకం కానివాళ్ళు అప్పుడు ఏకమయ్యారు. “పొద్దుటికి తేలకపోతే ఈ రాయే వద్దు. ఫ్లెక్సీ కొట్టించి కట్టేద్దాం,” అన్నాడు జోగారావు. విద్యాసాగర్ సరేనని తలూపాడు. ఇద్దరూ వెళ్ళిపోయారు.

ఫ్లెక్సీ! గాలొస్తే చిరిగిపోయే గుడ్డముక్క! సోమాచారి “మీ ఇద్దరి లొల్లి పాడుగాను” అని పైకే అని, సుద్దముక్క తీసి ఆ జాగాలో చకచకా గీతలు గీశాడు. ఉలి పట్టాడు. ఇన్నాళ్ళ కసీ ఆ దెబ్బల్లో ఉంది. మిగతా అక్షరాలకన్నా ఇవి లోతుగా దిగాయి. దగ్గొస్తే ఆగాడు, తగ్గగానే కొట్టాడు. చివరి అక్షరం అయ్యేసరికి వెలుగు తగ్గింది. రంగు వేయబోతూ, ఆయాసం తీరాక వేద్దామని గోడకు ఆనుకున్నాడు.

కమల చాయ్ తెచ్చి పిలిచింది. గట్టిగా పిలిచింది. ఎంతకీ పలకకపోయేసరికి భుజం పట్టి కుదిపింది, ఆ మీదట గొల్లుమంది.

కబురు తెలిసి జోగారావూ విద్యాసాగరూ పరుగున వచ్చారు. చాపమీద సోమాచారి, పక్కనే రాయి. వంగి చదివారు. విద్యాసాగర్ చేత్తో ఆ అక్షరాలు తడిమాడు.

“ఉండనియ్యుండ్రి,” అన్నాడు చివరికి.

“ఉండనివ్వండి,” అన్నాడు జోగారావు.

రాయి నిలబెట్టారు. ఏడాది తిరగకుండానే ఎండకూ పొగకూ ఎర్రరంగంతా మాడి, నల్లరాతిలో కలిసిపోయింది. రంగు పడని ఆ లోతు చెక్కుడు మాత్రం తెల్లగా ఉంది. బస్సులోంచి చూసేవాళ్ళకు ఆ రాతిమీద కనిపించేది అదొక్కటే: ‘అనే ఒకాయన’.