చర్చి రాయికి పసుపు

రాయి మీద మరక బయటపడిన రోజు స్టోర్‌లో నలుగురున్నారు. రాయిని చూడటానికి వచ్చిన రూత్ మేడం, సూపర్‌వైజర్ గజేందర్, స్టోర్‌కీపర్ మొహియుద్దీన్, పెట్టె తెరవడానికి పిలిచిన మేస్త్రీ పోశన్న. మూత తీసింది పోశన్నే. లోపల ఏం కనబడుతుందో అతనికి మాత్రమే తెలుసు.

రాయి మనిషి తలంత ఉంది. దాని మీద ముఖం చెక్కి ఉంది: కళ్లు, ముక్కు, తెరిచిన నోరు. కళ్ల గుంటల్లో, నోట్లో పసుపు. చెంపల మీద నూనె ఇంకిన మచ్చ.

ఇదేమిటని రూత్ మేడం ఇంగ్లిషులో అడిగింది.

గజేందర్ పెట్టె మూత వైపు చూశాడు. మూత పైన కూడా పసుపు వలయాలున్నాయి. అవి మొహియుద్దీన్ టిఫిన్ డబ్బావి. స్టోర్‌లో తినకూడదని కంపెనీ నియమం. కింద కూర్చుంటే మొహియుద్దీన్ మోకాలు మళ్లీ లేవనివ్వదు. అందుకని మధ్యాహ్నం ఆ పెట్టెనే బల్ల చేసుకుని తినేవాడు.

"యా అల్లా," అన్నాడు మొహియుద్దీన్. "నా సాలనే కారినట్టుంది."

కూర పెట్టె సందుల్లోంచి లోపలికి కారిందని అతను నిజంగానే నమ్మాడు. ఛాతీ మీద చేయి పెట్టుకుని, తనకు వచ్చిన ఇంగ్లిషులో రూత్ మేడానికి క్షమాపణ చెప్పాడు. పోశన్న మూత పట్టుకుని నిలబడ్డాడు.

దోహాలో ఆ హోటల్ పై అంతస్తులో ఇంగ్లండు పల్లెటూరి పబ్బు కడుతున్నారు. ఆ దేశంలో మూతపడిన ఒక పబ్బు సామాను వేలంలో కొని తెచ్చారు. బల్లలు, తలుపులు, కౌంటరు చెక్క, పొయ్యి గోడలో ఉండే ఈ రాయి. పని మొదలైన రోజు గజేందర్ ఫోన్‌లో ఆ ఊరి ఫోటో చూపించాడు. చర్చి, చర్చి ప్రహరీని ఆనుకుని పబ్బు.

"గుడి పక్కపొంటే కల్లు దుకాణమా సార్?" అన్నాడు పోశన్న.

"వాళ్లకట్ల నడుస్తది."

"మనకు నడ్వదా? కల్లు సాక పొయ్యకుంటే మా పోచమ్మ ఊకుంటదా?"

"అయితే పోయి ఆ ఊర్ల సర్పంచ్‌గ నిలబడు రా పోశన్నా," అన్నాడు మొహియుద్దీన్. "నా ఓటు నీకే."

పోశన్నది జగిత్యాల దగ్గరి పల్లె. మొహియుద్దీన్‌ది కోరుట్ల. కంపెనీ క్యాంప్‌లో ఇద్దరిదీ ఒకే గది.

పొయ్యి గోడలో రాయికి ఎంత గూడు వదలాలో కొలవడానికి పోశన్న మొదటిసారి పెట్టె తెరిచిన రోజు, ఊళ్లో అతని కూతురు మమత పురిటి నొప్పులతో ఆస్పత్రిలో ఉంది. కొలత తీస్తుండగా భార్య సాయవ్వ ఫోన్ చేసింది.

"ఇంక కాలే. డాక్టరమ్మ కోస్తనంటుంది. నువ్వేమో దుబాయ్‌ల కూసున్నవ్. ఒక్క మొక్కన్న మొక్కవైతివి."

"ఇది దుబాయ్ కాదే, ఖతర్."

"ఏదైతేంది! ఆడ పోచమ్మ ఉన్నదా?"

పోశన్న పెట్టెలోకి చూశాడు.

"ఉన్నది," అన్నాడు.

క్యాంప్ వంటగది నుంచి పసుపు, నూనె తెచ్చుకుని మర్నాడు డ్యూటీ కంటే ముందే వచ్చాడు. స్టోర్ తాళం మొహియుద్దీన్ దగ్గర అడిగి తీసుకున్నాడు. కొలత మళ్లీ చూడాలని చెప్పాడు. నూనెలో పసుపు కలిపి రాయికి పూసి, ఊరి నుంచి తెచ్చుకున్న కుంకుమతో బొట్టు పెట్టాడు. కల్లు లేదు కనుక లబన్ మజ్జిగ డబ్బా తెరిచి నేల మీద ధారగా సాక పోశాడు. ఊళ్లో అమ్మవారి రాయిని అడగకుండా కదిలించరు. ఈమెను గోడలో పెట్టి కట్టబోయేది తనే. అందుకని రెండు మాటలు అడిగాడు. ఒకటి, మమత సంగతి. రెండోది, గోడలో పెడుతున్నందుకు కోపం తెచ్చుకోవద్దని.

మధ్యాహ్నానికి మనుమరాలు పుట్టింది. కోత లేకుండానే. మొహియుద్దీన్ అందరికీ కరక్ చాయ్ తెప్పించాడు.

సాయంత్రం పోశన్న తడిగుడ్డతో రాయిని తుడిచాడు. కుంకుమ పోయింది. పసుపు పోలేదు. ఊళ్లో పోచమ్మది నల్లరాయి, నూనె పైనే నిలుస్తుంది. ఇది సున్నపురాయి, ఎంత పూస్తే అంత తాగుతుంది. మేస్త్రీగా ఆ సంగతి అతనికి తెలుసు. పూసేటప్పుడు గుర్తు రాలేదు. ఎలాగూ గోడలోకి పోతుంది, పొయ్యి మసి కమ్ముతుంది అనుకుని మూత పెట్టేశాడు.

రాయి గోడలోకి పోలేదు. ఇంగ్లండులోని ఆ ఊరి చర్చి కమిటీ నుంచి హోటల్‌కు కబురు వచ్చింది. రాయి పబ్బుది కాదు, చర్చిది. ఎప్పుడో చర్చి గోడకు మరమ్మతు చేసినప్పుడు తీసి పక్కన పెడితే, అప్పటి పబ్బు యజమాని తన పొయ్యిలో పెట్టుకున్నాడు. వేలంలో అది కూడా కలిసిపోయింది. తిరిగి ఇస్తామని హోటల్ వాళ్లు ఒప్పుకున్నారు. పంపే ముందు ఒకసారి చూసి రమ్మని, ఆ ఊరి మనిషే అయి దోహా బడిలో టీచరుగా ఉన్న రూత్ మేడానికి కమిటీ చెప్పింది. అలా ఆమె స్టోర్‌కు వచ్చింది.

మరక బయటపడిన వారంలోనే కంపెనీ మొహియుద్దీన్‌ను అల్ షహానియా దాటాక ఉన్న సైట్‌కు మార్చింది. అక్కడ ఒంటెల కొట్టాలకు గోడలు కడుతున్నారు. ఈసారి కాంట్రాక్ట్ పొడిగించరని కూడా చెప్పారు. గది ఖాళీ చేసేటప్పుడు అతను తన రైస్ కుక్కర్‌ను పోశన్నకు ఇచ్చిపోయాడు.

పోశన్న ఆ కుక్కర్‌లో వండుకోలేదు. రెండు రోజులు బయట రొట్టె కొని తిని, మూడో రోజు గజేందర్ దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాడు.

గజేందర్ లేచి తలుపు మూశాడు.

"నీకేమన్న పిచ్చా? కూరతోని ఖతమైంది గద. ఇప్పుడు సైట్ల పూజ జేసినంటే నిన్ను ఫ్లైట్ ఎక్కిస్తరు. నీ పక్కసీట్ల నేనుంట."

"మరి మొహియుద్దీన్ భాయ్ సార్?"

"ఆయన్ని ఇంటికి పంపలే, సైట్ మార్చిర్రు. ఏసీ లేదు, అంతే. నోర్మూస్కొని పని చేస్కో."

పోశన్న పని చేసుకున్నాడు. రాయి కోసం వదిలిన గూడును ఇటుకలతో తనే మూసేశాడు. ఊరి నుంచి మమత వీడియో కాల్ చేసి బిడ్డను చూపిస్తే, నెట్ సరిగా లేదని కట్ చేశాడు.

సెలవు రోజున అల్ షహానియా వెళ్లాడు. మొహియుద్దీన్ రేకుల షెడ్డు కింద సిమెంటు బస్తా మీద కూర్చుని ఉన్నాడు. మోకాలికి గుడ్డ చుట్టుకున్నాడు.

"రా రా పోశన్నా. మనుమరాలు ఎట్లున్నది?"

"మంచిగున్నది భాయ్."

"పేరు పెట్టిర్రా?"

"ఇంక లేదు." పోశన్న కూర్చోలేదు. "భాయ్, ఆ రాయి మీదది నీ సాలన్ కాదు."

"మళ్ల చెప్పు."

"పసుపు నేనే పూసిన. పోచమ్మ లెక్క మొక్కిన, మమత కానుపు కోసం. నీ దగ్గర తాళం తీస్కపోయింది గందుకే."

మొహియుద్దీన్ మోకాలి గుడ్డ విప్పి, మళ్లీ కట్టుకున్నాడు.

"నేను ఆ మేడం ముంగట ఛాతీ మీద చెయ్యి పెట్టిన."

"చూసిన భాయ్."

"చూసినవ్! మూత పట్టుకొని చూసినవ్. వేరేటోళ్లు మొక్కే జాగ రాయి ఖరాబ్ చేసిన్నని జుమ్మా నమాజ్‌ల తౌబా చేసిన, అల్లాను మాఫీ అడిగిన. నీ బొట్టుకు నేను తౌబా చేసిన్ర పోశన్నా!"

ఇంకో సందర్భంలో అయితే ఇద్దరూ దానికి నవ్వేవారు.

"రేపే కంపెనీకి చెప్త," అన్నాడు పోశన్న. "సార్ వద్దన్నడు. అయినా చెప్త."

"కంపెనీ తర్వాత. నేను ఝూట్ చెప్పింది ఆమెకు. నాకు తెల్వకుండనే చెప్పిన. ఫస్ట్ ఆమెకు చెప్పు. ప్రతి శుక్రవారం మెసైమీర్‌ల చర్చికి పోతదట, నాతోనే అన్నది."

"నాకు ఇంగ్లిష్ రాదు గద భాయ్."

"నేను వస్త," అన్నాడు మొహియుద్దీన్. "నీ కోసం కాదు."

తర్వాతి శుక్రవారం ఇద్దరూ మెసైమీర్‌లో చర్చిల ఆవరణ బయట, కార్లు నిలిపే చోట నిలబడ్డారు. ప్రార్థన అయ్యాక జనం గేటులోంచి వచ్చారు. మలయాళీలు, ఫిలిప్పీన్స్ వాళ్లు, చివర రూత్ మేడం. ఆమె మొహియుద్దీన్‌ను గుర్తుపట్టి ఆగింది.

పోశన్న చెప్పాడు. మొహియుద్దీన్ ఇంగ్లిషులోకి మార్చాడు. పసుపు దగ్గర, సాక దగ్గర ఆగి మాటలు వెతుక్కున్నాడు. దేన్నీ తగ్గించి చెప్పలేదు.

ఆమె విన్నది. కోప్పడలేదు, నవ్వలేదు.

"ఆ ముఖం ఎవరిదో మా ఊళ్లో ఎవరికీ తెలియదు," అంది. "కానీ అది మా ఊరిది. మీరు అడగాల్సింది."

మొహియుద్దీన్ చెప్పాక పోశన్న తల ఊపాడు. అతను అడిగాడు. రాయిని అడిగాడు, మనుషుల్ని అడగలేదు. ఆ మాట ఆమెకు చెప్పలేదు.

"మరక పోతుందా?" అని ఆమె అడిగింది.

"ఎండల పెడితే పసుపు పోతది మేడం. నూనె పోదు."

మొహియుద్దీన్ అదీ చెప్పాడు. ఆమె ఫోన్ తీసింది. స్టోర్‌కీపర్ తప్పు లేదని కంపెనీకి ఇప్పుడే రాస్తానంది. ఆ ఊరికీ నిజమే రాయాలంది. తర్వాత ఒక ప్రశ్న అడిగింది. మొహియుద్దీన్ వెంటనే మార్చలేదు.

"ఏమంటుంది భాయ్?"

"ఎవరు పూసిర్రని రాయాలె అంటుంది. పేరు అడుగుతుంది." గొంతు తగ్గించాడు. "వద్దు రా. ఎవరో లేబర్ అని చెప్త. నాకు నా స్టోర్ వస్తది, నీకు నీ పని ఉంటది. ఇంట్ల చంటిపిల్ల ఉన్నది."

ఎదురుగా రూత్ మేడం ఫోన్ పట్టుకుని నిలబడింది. పోశన్న ఆమె వైపు చూశాడు.

"పోశన్న," అన్నాడు.

ఆమెకు పేరు అందలేదు. మళ్లీ చెప్పమన్నట్టు మొహియుద్దీన్ వైపు చూసింది. మొహియుద్దీన్ చర్చి గేటు వైపు కాసేపు చూశాడు. తర్వాత ముందుకు వంగి, ఆ పేరునే ఒక్కో అక్షరం ఆపి ఆపి చెప్పాడు.