మోచేతి మడత

మా కంపెనీలో ఉద్యోగం నా ఎడమ చేతిది. మిగతా మనిషిని దానికి తోడుగా వెంటబెట్టుకొస్తానని ప్యాకింగు ఆడవాళ్ళు వేళాకోళం చేసేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. మీసం లేదుగానీ, ఉంటే రోజూ మెలేసేదాన్నే.

కంపెనీ అంటే పెద్దగా ఊహించుకోకండి. రేకుల కప్పు కింద పొడుగాటి హాలు. ఒక పక్క క్రీములు కలిపే రెండు స్టీలు డ్రమ్ములు, మధ్యలో సీసాలు నింపే బల్ల, చివర అట్టపెట్టెలు. మొహానికి రాసుకునే క్రీములు, సీరమ్‌లు తయారుచేస్తాం. మొత్తం పదకొండు మందిమి. కొత్త సరుకు కలిపినప్పుడల్లా ఉదయం పదింటికి బఠాణీగింజంత తీసి నా ఎడమ మోచేతి మడతలో రాసి, పైన దూది పెట్టి ప్లాస్టరు వేస్తారు. మర్నాడు పదింటికి విప్పి చూస్తాను. ఎరుపు లేదు, దురద లేదు, మంట లేదు అనుకుంటే బ్యాచ్ పుస్తకంలో సంతకం పెడతాను. అప్పుడుగానీ పెట్టెలు గేటు దాటవు. పద్నాలుగేళ్ళుగా ఇదే పద్ధతి. పెద్ద కంపెనీలకు మిషన్లు, డాక్టర్లు ఉంటారట. మాకు నా మోచెయ్యి ఉంది.

మొదట్లో ఆ చెయ్యి ఏడు బ్యాచ్‌లు ఆపింది. ఒకసారి వాసన కోసం వేసిన నూనె పడక దద్దుర్లు లేచి, వారం రోజులు జాకెట్టు చెయ్యి తగిలినా ప్రాణం పోయినంత పనయ్యేది. అప్పటి యజమాని పెద్దాయన. డ్రమ్ములో సరుకంతా పారబోయించి, అందరి ముందూ లేచి నిలబడి తన కుర్చీ నాకు వేశాడు. ఈవిడ చెయ్యి సరేనంటే ఎవరడిగినా ధైర్యంగా సమాధానం చెప్పుకోవచ్చన్నాడు. నాది అంతంతమాత్రం చదువు. మొగుడు చిన్నవయసులోనే పోయాడు. చుట్టాల్లో నా మాటను ఖాతరు చేసిన మనిషి లేడు. అలాంటిదానికి ఒక పెద్దమనిషి కుర్చీ వేశాడు. ఆ కుర్చీలోంచి నేను మళ్ళీ లేవలేదనే చెప్పాలి.

నాకొక్కతే కూతురు. కళ్ళద్దాల దుకాణంలో చేరింది. వచ్చినవాళ్ళ మొహాలకు ఫ్రేములు పెట్టి చూడటం, చెవుల వెనక కొమ్ములు వంచడం, ముక్కు మీద జారకుండా సరిచేయడం దాని పని. మనుషుల మొహాలకు జానెడు దూరంలో నిలబడే ఉద్యోగం. ఆరు నెలలు చూసి పర్మనెంటు చేస్తామన్నారు. ఐదు నెలలు నిండాయి. దుకాణంలో ఎటు తిరిగినా అద్దాలే కదా, గడ్డం మీదున్న నాలుగు పాత మొటిమ మచ్చలు దాని కళ్ళకు నలభైలా కనిపించడం మొదలుపెట్టాయి. అవి పోయే మందేదైనా ఉందా అని నన్నే అడిగింది. నన్ను కాక ఎవరినడుగుతుంది? మొహాల మందుల మీద సంతకం పెట్టేది వాళ్ళమ్మే కదా.

సరిగ్గా అప్పుడే మా కంపెనీలో కొత్త సీరమ్ తయారైంది. సాయంత్రం స్నానం చేశాక రాసుకుంటే చర్మం పైపొర రాలిపోయి కింద నున్నటి పొర వస్తుందట. అది చిన్నసారు ఆలోచన. చిన్నసారంటే పెద్దాయన కొడుకు. తండ్రి పోయాక మూడేళ్ళుగా కంపెనీ తనే చూస్తున్నాడు. సీరమ్‌ని నా చేతికి రాశారు, మర్నాడు విప్పి చూశాను, ఏమీ లేదు. సంతకం పెట్టాను. ఆరువందల సీసాలు వెళ్ళిపోయాయి. ఆరువందల ఒకటోది నా సంచిలో ఇంటికొచ్చింది.

రెండోరోజుకే అమ్మాయి బుగ్గలు ఎర్రబడ్డాయి. మంటగా ఉందమ్మా అంది. ఎక్కువ రాసి ఉంటావన్నాను. మూడోరోజు నీళ్ళు తగిలినా భగ్గుమంటోందంది. దిండు గలీబు మార్చాను. సబ్బు మార్చాను. దుకాణంలో లైట్ల వేడి అన్నాను, నిద్ర చాలట్లేదన్నాను. ఇంట్లో ఉన్న ప్రతి వస్తువు మీదా నేరం మోపాను, ఆ సీసా మీద తప్ప.

ఐదోరోజు సాయంత్రం చూస్తే సీసా మూత తీసిన జాడ లేదు. రాయడం మానేసింది. నేను ఒంటికాలి మీద లేచాను.

"నా చేతి మీద ఒకరోజంతా ఉంటే ఏమీ కాలేదే. నీ మొహం మీద మాత్రం ఎందుకవుతుంది? పైపొర ఊడేటప్పుడు ఆ మాత్రం చురుక్కుమనదా? సగంలో మానేస్తే మచ్చలు మచ్చలుగా మిగిలిపోతుంది."

ఈ ఆఖరి ముక్క ఎవరూ నాకు చెప్పింది కాదు. కోపంలో నోటికొచ్చింది, నోటికొచ్చాక నాకే నిజమనిపించింది. దాన్ని మంచం మీద కూర్చోబెట్టి, నా వేళ్ళతోనే నుదురూ బుగ్గలూ గడ్డం అంతా రాశాను. అది మంచం అంచు గట్టిగా పట్టుకుంది. కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు చెవుల దాకా కారాయి. గారాలు పోతోందనుకున్నాను. ఆ తర్వాత ఐదు రోజులు రోజూ సాయంత్రం నేనే దగ్గర కూర్చుని రాశాను. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

పదకొండోరోజు దుకాణానికి ఒకామె చిన్నపిల్లకు అద్దాలు కొనడానికి వచ్చిందట. మా అమ్మాయి ఫ్రేము పెట్టబోతే పిల్లను చటుక్కున వెనక్కి లాక్కుని, అది అంటుకుంటుందా అని మేనేజరునడిగింది. అప్పటికి బుగ్గల మీద చర్మం పొరలుగా లేచి, మధ్యలో పచ్చిగా రసి కారుతోంది. మేనేజరు మంచివాడే, గట్టిగా ఏమీ అనలేదు. వెనకగదిలో అద్దాలు అరగదీసే పని చూసుకోమన్నాడు. పర్మనెంటు సంగతి తగ్గాక చూద్దామన్నాడు. ఆ రోజు అది నాకు చెప్పకుండా ఒక్కతే చర్మం డాక్టరు దగ్గరికి బయలుదేరింది. గుమ్మంలో ఎదురుపడి నేనూ వెంట వెళ్ళాను.

డాక్టరమ్మ భూతద్దంలోంచి చూసింది. కాలిందని చెప్పింది, నిప్పుతో కాకపోతే మందుతో. అమ్మాయి తెచ్చిన సీసా మూత తీసి ఒక కాగితం ముక్క ముంచి రంగు చూసి, ఇంత ఘాటైనది ఇంట్లో రాసుకునేదే కాదంది. ఎడమ బుగ్గ మీది నలుపు ఏడాదికి తగ్గొచ్చు, తగ్గకపోవచ్చంది. తర్వాత మా అమ్మాయి వైపు తిరిగింది.

"మంట మొదలయ్యాక కూడా రాయమని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ. నాకే తెలియక రాశాను."

నేను పక్కనే స్టూలు మీద ఉన్నాను. డాక్టరమ్మ రాసిచ్చిన మందుల చీటీ మడిచి సంచిలో పెట్టుకున్నాను.

మర్నాడు కంపెనీలో స్టోరు గదికి వెళ్ళి, నమూనాగా దాచిన అదే బ్యాచ్‌ సీసా ఒకటి తీసి కుడి మోచేతి మడతలో ఒక చుక్క రాసుకున్నాను. పద్నాలుగేళ్ళలో కుడిచేతికి రాయడం అదే మొదలు. ఎడమచేతికీ ఒక చుక్క రాసి గోడ గడియారం కింద కూర్చున్నాను. ఆరు నిమిషాలకు కుడిచెయ్యి చురుక్కుమంది. పది నిమిషాలకు పళ్ళు బిగపట్టుకోవాల్సి వచ్చింది. ఎడమచెయ్యి అలాగే ఉంది. పాత తోలుసంచి అడుగులా నల్లగా, దళసరిగా, ఏమీ పట్టనట్టు.

నాకు ఆశ్చర్యం కలగలేదు. అసలు చెప్పాల్సింది అదే. రెండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం ఆ మడతలో ఒక దోమ కడుపునిండా తాగి, ఎగరలేక కూర్చుని ఉండటం కళ్ళతో చూశాను. కుట్టినట్టు తెలియలేదు. గోటితో గిచ్చి చూశాను, ఎవరో పక్కింటివాళ్ళను గిచ్చినట్టుంది. అప్పుడు నవ్వుకుని దోమను దులిపేశాను. ఎవరికీ చెప్పలేదు. మర్నాడు మామూలుగా సంతకం పెట్టాను.

చిన్నసారు గదికి వెళ్ళి రెండు చేతులూ బల్ల మీద పెట్టాను. జరిగింది చెప్పాను. అతను కంగారుపడతాడనుకున్నాను. బయటికెళ్ళిన సీసాలన్నీ వెనక్కి తెప్పించమని అడుగుదామని ముందే మాటలు కూడగట్టుకున్నాను. అతను తలుపు మూసి, కూర్చోమన్నాడు. సీరమ్‌లో వేయడానికి కొత్తగా వచ్చిన మందు, ముందు కలిపి చూసిన పాతదానికి రెట్టింపు ఘాటని, కలిపే మనిషి పాత కొలతే వేశాడని మొన్ననే తెలిసిందన్నాడు. ఇక మీదట సీసా మీద మొదట్లో కొద్దిగా మంట సహజమని అచ్చు వేయిస్తే సరిపోతుందన్నాడు.

మరి నా చెయ్యి సంగతేమిటన్నాను. ఇది దేన్నీ పట్టుకోలేదని, రేపటి నుంచి ఇంకెవరి చేతికైనా రాయమని చెప్పాను.

"నేను కంపెనీలోకి వచ్చాక మీ చెయ్యి ఒక్క బ్యాచ్ కూడా ఆపలేదక్కా," అన్నాడు. "నేను చూడలేదనుకుంటున్నారా? మా నాన్న ఉన్నప్పుడు ఏడాదికొక డ్రమ్ము పారబోసేవాళ్ళం. ఇంకొకరి చెయ్యి పెడితే మళ్ళీ అదే మొదలు."

మాట కటువుగా లేదు. అక్కా అని పిలిచే గొంతుతోనే అన్నాడు. అతను నా చెయ్యి చచ్చిపోయిందని తెలిసే దాన్ని పనిలో ఉంచుకున్నాడు. ఈ మూడేళ్ళూ నేను గొప్పగా విప్పి చూసుకున్న ప్రతి ప్లాస్టరూ గుర్తొచ్చింది. ఇక సంతకం చేయనన్నాను. మీ ఇష్టమన్నాడు. ఆ సీసాలు తెప్పించకపోతే నేనే అందరికీ చెబుతానన్నాను. అతను బ్యాచ్ పుస్తకం తెరిచి నా వైపు తిప్పాడు. పరీక్షించినవారు అన్నచోట నా సంతకం ఒక్కటే ఉంది. అతని పేరు ఎక్కడా లేదు. ఎవరికి చెప్పినా ముందు మీ గురించే చెప్పుకోవాలి కదక్కా అన్నాడు.

అయినా బయటికొచ్చి సరుకు వెళ్ళిన దుకాణాలకు ఫోన్లు చేశాను. తొమ్మిది దుకాణాల నంబర్లు ప్యాకింగు ఆడవాళ్ళు ఇచ్చారు. పరీక్షించింది నేనే, తప్పు నాదే, అమ్మకండి అని చెప్పాను. ఇద్దరు మాత్రం సీసాలు పక్కన పెడతామన్నారు. మిగతావాళ్ళు యజమానితో చెప్పించమన్నారు. ఒకడైతే ఉద్యోగం పోయిన కడుపుమంటా అని అడిగాడు. కొన్ని సీసాలు అప్పటికే అమ్ముడుపోయాయి. అవి ఏ ఇళ్ళలో ఉన్నాయో, ఏ తల్లి ఏ పిల్లకు రాస్తోందో నాకు తెలిసే దారి లేదు.

ఇంటికొచ్చేసరికి సాయంత్రమైంది. అమ్మాయి కిటికీ మూసుకుని, మొహం మీద తడిగుడ్డ కప్పుకుని పడుకుని ఉంది. నా అలికిడి విని గుడ్డ కిందనుంచే మాట్లాడింది. తనకోసం కంపెనీలో ఎవరితోనూ గొడవ పెట్టుకోవద్దంది. అందరికీ పడిందే, తన చర్మమే అంత అని, తప్పెవరిదీ కాదంది.

అది నా మీద తప్పేమీ మోపకుండా వదిలేసింది. నేను నోరు మూసుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోతే చాలు, జీవితాంతం అలాగే జరిగిపోయేది. నిజం చెబుతున్నాను, రెండడుగులు వేశాను కూడా. తర్వాత తిరిగొచ్చి మంచం పక్కన నేల మీద కూర్చుని అంతా చెప్పాను. డ్రమ్ము సంగతి, చిన్నసారు సంగతి, కుడిచెయ్యి సంగతి. అది కదలకుండా వింది.

"చెయ్యి పనిచేయట్లేదని నీకెప్పుడు తెలిసింది?"

ఈరోజే అనొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది.

"రెండేళ్ళయింది," అన్నాను.

అది గుడ్డ తీసేసి లేచి కూర్చుంది. ఆ మొహాన్ని అంత దగ్గరగా చూడటం నావల్ల కాలేదు, అయినా చూశాను.

"మరి నేను మండుతోందని చెప్పినప్పుడు?"

ఉద్యోగం పోతుందన్న భయమని చెప్పబోయాను. అది అబద్ధం కాదు, కానీ అసలు సంగతి కూడా కాదు.

"నీ మాట నమ్మితే, నా చెయ్యి ఎందుకూ పనికిరాదని ఒప్పుకోవాల్సొచ్చేది. అందుకని నమ్మలేదు."

అది మెల్లగా మళ్ళీ పడుకుంది. గుడ్డ ఆరిపోయి ఉంది. నేను లేచి వెళ్ళి, చల్లటి నీళ్ళలో ముంచి, పిండి తెచ్చి, మొహం మీద వేయడానికి వంగాను. అది చెయ్యెత్తి నా చేతిని దారిలోనే ఆపింది. గుడ్డ తీసుకుని తనే వేసుకుంది.