మూడో తీగ, ఏడో మెట్టు

బేస్ గిటార్ వాయించేవాడిని ఎవరూ చూడరు. ఒకవేళ చూసినా, "ఏందప్పా, నాలుగు తీగలే ఉండాయి, రెండు తెగిపోయినాయా?" అని అడుగుతారు. పెండ్లికి వచ్చిన పెద్దమనుషులు అడిగారు, వంటవాళ్లు అడిగారు, ఒకసారి పెండ్లికొడుకే అడిగాడు. ఇరవై రెండేళ్లుగా నవ్వి ఊరుకున్నాను. అంతమాత్రాన నాకు కోపం రాదనుకోకండి. బాగానే వస్తుంది. ఎవరి మీద చూపాలో ఇన్నాళ్లూ తెలియలేదు, అంతే.

నా పేరు లోకనాథ్. మాది చాపాడు పక్కన పల్లె. మా నాయన గొర్రెలు మేపాడు. నేను జమ్మలమడుగులో నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేస్తాను. ఫంక్షన్లున్న రోజుల్లో ప్రొద్దుటూరు పోయి స్వరఝరి ఆర్కెస్ట్రాలో బేస్ వాయిస్తాను. వాయించేవాణ్ణి అనాలి ఇప్పుడు.

ఆ ఆర్కెస్ట్రా శ్రీవత్సది. వాడు కీబోర్డు వాయిస్తాడు. మాకు హైస్కూల్లో తెలుగు చెప్పిన విశ్వేశ్వరయ్య సారు కొడుకు. పదో తరగతిలో ఇద్దరిదీ ఒకే బెంచీ. ఎగతాళికి వాణ్ణి "సామీ" అని పిలిచేవాణ్ణి, అదే నిలిచిపోయింది. ఆర్కెస్ట్రా మొదలుపెట్టిన నాడు మేమిద్దరమే ఉన్నాం. బోర్డు మీద మాత్రం తన పేరొక్కటే రాయించుకున్నాడు. పోనీలే, మాటకారి, పది మందితో మాట్లాడి ఫంక్షన్లు పట్టుకొచ్చేవాడు వాడే కదా అని సరిపెట్టుకున్నాను.

అలాంటివాడు ఆషాఢంలో, ఫంక్షన్లేమీ లేని రోజుల్లో, బండేసుకుని జమ్మలమడుగులో మా ఇంటికి వచ్చాడు. రావడమే వింత. వచ్చి, నా భార్య నాగవేణి ఇచ్చిన టీ తాగి, నా గిటార్ ఒళ్లో పెట్టుకుని తీగల మీద గోరుతో గీశాడు.

"లోకా, ఈ తీగలు తీసేద్దాం. ఫ్లాట్‌వౌండ్ వేద్దాం. పాత పాటల్లో బేస్ ఎట్ల పడ్తాదో అట్ల రావల్ల మన సౌండు. తెప్పించేది నేను. ఏది మంచిదో నువ్వే చూసి చెప్పు."

ఫ్లాట్‌వౌండ్ వేద్దామని పదేళ్ల కింద వాణ్ణి నేనే బతిమాలాను. మామూలు తీగకు గుండ్రటి సన్న వైరు చుట్టి ఉంటుంది. వేలు జరిపితే గరుకుగా తగులుతుంది, స్పీకర్లో కీచుమంటుంది. ఫ్లాట్‌వౌండ్‌కు చుట్టేది చదునైన రేకు, రిబ్బను లాంటిది. చెయ్యి పెడితే నున్నగా ఉంటుంది, వేలు ఎంత జరిపినా చప్పుడు రాదు. గలగల తగ్గి, స్వరానికి బరువు వస్తుంది. పైగా ఒకసారి బిగిస్తే ఏళ్ల తరబడి మార్చే పని ఉండదు. ఇదంతా అప్పుడే వాడికి చెప్పాను. "జనాలు బేస్ వింటారా ఏంది, ఏ తీగైతే ఏముంది?" అన్నాడు. ఇప్పుడు వాడే వచ్చి అడుగుతున్నాడు.

"ఏం సామీ, నీకెప్పుడు బుద్ధొచ్చె?" అన్నాను.

"వచ్చిందిలే అప్పా" అని నవ్వాడు. ఆ నవ్వు నాకు బాగా నచ్చింది. అదీ నా తెలివి.

కొరియర్లో మూడు సెట్లు వచ్చాయి. పది రోజులు ఆ మూడింటితోనే గడిపాను. ఫ్యాక్టరీ నుంచి రావడం, చేతులకంటిన రాతిబూడిద సబ్బుతో కడుక్కోవడం, పాత సెట్టు విప్పడం, కొత్తది ఎక్కించడం. మొదటిది లావు ఉక్కుతీగ. దాన్ని శ్రుతి చేస్తుంటేనే గిటార్ మెడ వంగింది. మెడలో ఉన్న ఇనప కడ్డీని పావు చుట్టు తిప్పి సరిచేయాల్సి వచ్చింది. శబ్దం బాగుంది గానీ, రెండు పాటలకే వేళ్లు పట్టేశాయి. నాలుగు గంటల ఫంక్షన్లో దాంతో వాయిస్తే మరునాడు అన్నం కలుపుకోలేను. రెండోది నల్లటి నైలాను చుట్టిన తీగ. మెత్తగా, హాయిగా ఉంది. కానీ స్వరానికి అంచు లేదు, ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలియదు. మూడోది సన్న ఉక్కుతీగ.

దాన్ని బిగించిన సాయంత్రం నాగవేణి వంటింట్లో చెనిగవిత్తనాలు వేయిస్తోంది. నేను చిన్న స్పీకరు పెట్టి నాలుగు స్వరాలు వాయించాను. గరిటె చేతిలో పట్టుకుని బయటికి వచ్చింది.

"మామా, ఇదేంది ఇట్లుండాది? నిన్నటిది చెవులో పడె, ఇది ఈడ పడ్తాంది" అని రొమ్ము మీద చెయ్యి పెట్టుకుంది.

"ఇదే ఖాయం" అన్నాను. వేయించే పల్లీలు మాడిపోయాయి. ఇద్దరం ఆ మాడినవే నవ్వుకుంటూ తిన్నాం.

తర్వాతి ఆదివారం శ్రీవత్స ప్రొద్దుటూరు రమ్మన్నాడు. వాళ్ల మిద్దె మీద చిన్న గది కట్టుకుని, కంప్యూటర్ పెట్టుకుని, రికార్డింగు చేస్తుంటాడు. గిటార్ వైరు కంప్యూటరుకు తగిలించి, "ఒక్కో తీగ, ఒక్కో మెట్టు, వరసగా కొట్టు. మెల్లగా ఒకసారి, మామూలుగా ఒకసారి, గట్టిగా ఒకసారి. శబ్దం దానంతట అదే ఆగిపోయేదాకా ముట్టుకోవాకు" అన్నాడు.

"ఇదంతా ఎందుకు సామీ?"

"తీగలు టెస్టు చేయొద్దా? యాడన్నా తేడా ఉంటే ఇప్పుడే తెలుస్తాది."

సరేనని కూర్చున్నాను. గిటార్ మెడకు అడ్డంగా ఉండే లోహపు గీతలే మెట్లు, ఏ మెట్టు దగ్గర నొక్కితే ఆ స్వరం. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం దాటింది. ఒక్కో స్వరం కొట్టి, ఊపిరి బిగబట్టి, అది సన్నగిల్లి ఆగిపోయేదాకా కదలకుండా ఉండాలి. మూడో తీగ మీద ఏడో మెట్టు దగ్గరికి వచ్చేసరికి ఆగాను.

ఆ చోటు సంగతి చెప్పాలి. ఎనిమిదేళ్ల కింద చిలమకూరులో ఒక ఫంక్షన్. పాట మధ్యలో గాలీవానా ఒక్కసారిగా వచ్చి షామియానా కూలింది. శ్రీవత్స కొత్తగా కొన్న కీబోర్డు మీదికి నీళ్లు ధారగా దిగుతున్నాయి. వాడు బిత్తరపోయి నిలబడ్డాడు. నేను గిటార్ కింద పడేసి, కీబోర్డును ఎత్తి, గుండెకు హత్తుకుని వ్యాను దాకా పరుగెత్తాను. తిరిగి వచ్చేసరికి లైటు స్టాండు నా గిటార్ మెడ మీద పడి ఉంది. ఆ దెబ్బకు ఒక మెట్టు కాస్త పైకి లేచింది. మూడో తీగను ఏడో మెట్టు దగ్గర నొక్కితే స్వరంలో సన్నటి జీర వస్తుంది, గొంతు బొంగురుపోయినవాడు మాట్లాడినట్టు. బాగుచేయించాలంటే బెంగళూరు పోవాలన్నారు. అదే స్వరం రెండో తీగ రెండో మెట్టులోనూ దొరుకుతుంది. అందుకని అక్కడే వాయించడం అలవాటు చేసుకున్నాను. ఎనిమిదేళ్లుగా ఏ పాటలోనూ ఆ ఏడో మెట్టును ముట్టుకోలేదు.

"దీన్ని వదిలేద్దాం సామీ. ఇది నేను వాడేదే లేదు."

"కొట్టు అప్పా, వరస తప్పుతాది" అన్నాడు కంప్యూటర్ వైపు చూస్తూనే. కొట్టాను. మెల్లగా ఒకసారి, మామూలుగా ఒకసారి, గట్టిగా ఒకసారి.

ఆ రోజు ఇంటికి వచ్చి నాగవేణితో ఏమన్నానో తలుచుకుంటే ఇప్పుడు నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది. "నా వాయింపును ఇంత శ్రద్ధగా ఎవరూ వినలేదే. ఒక్కో స్వరం ఆగిపోయేదాకా విన్నాడు వాడు" అన్నాను. అంటూ కండ్లు తుడుచుకున్నాను కూడా.

శ్రావణం వచ్చింది. పులివెందులలో పెద్ద నిశ్చితార్థం ఒకటి మాకు ముందే కుదిరి ఉంది. కొత్త తీగలతో నాకదే మొదటి ఫంక్షన్. రోజూ సాధన చేస్తున్నాను. రెండు రోజుల ముందు శ్రీవత్స ఫోన్ చేశాడు.

"లోకా, పులివెందులది క్యాన్సిల్. వాళ్లింట్లో ఎవరికో మైల అంట."

అయ్యో అనుకున్నాను. ఆ రోజుకు ఫ్యాక్టరీలో ముందే సెలవు పెట్టాను కాబట్టి ఇంట్లోనే ఉన్నాను. పొద్దున ఎనిమిదికి కమాల్ బాషా ఫోన్. మా ఆర్కెస్ట్రాలో ప్యాడ్స్, అంటే ఎలక్ట్రానిక్ డ్రమ్ములు, వాయిస్తాడు. నాకన్నా చిన్నవాడు, మంచివాడు.

"లోకన్నా, జొరం తగ్గిందా?"

"ఎవరికి జొరం?"

"నీకేనన్నా. లేవలేక పండుకున్యావని చెప్పె శ్రీవత్సన్న. మేము పులివెందులలో దిగినాం, సామాన్లు సర్దుకుంటాండాం."

అప్పటికీ నా మనసు వాడిని వెనకేసుకొచ్చింది చూడండి. ఫంక్షన్ మళ్లీ కుదిరి ఉంటుంది, నాకు చెప్పే తీరిక దొరికి ఉండదు, అనుకున్నాను. మరి జ్వరం ఎందుకన్నట్టు? గిటార్ వీపున తగిలించుకుని ముద్దనూరు మీదుగా పోయే బస్సెక్కాను. దారి పొడుగునా ఒకటే ఆలోచన. నా చోట్లో ఇంకొకణ్ణి కూర్చోబెట్టాడు. కడప నుంచి ఎవడో కుర్రవాణ్ణి తెచ్చుకుని ఉంటాడు. వాడెవడో చూడాలి.

కల్యాణమండపం చేరేసరికి పదకొండున్నర. గేటు దగ్గరే వినపడింది బేస్. ఎంత బాగుంది! నున్నగా, బరువుగా, నాగవేణి చెయ్యి పెట్టుకుని చూపించిన చోటే తగులుతోంది. ఫ్లాట్‌వౌండ్ తీగలు, సందేహం లేదు. ఎవడో గానీ గట్టివాడే అనుకున్నాను. కడుపు మండుతున్నా ఆ మాట అనుకోక తప్పలేదు.

అప్పుడు వచ్చింది జీర.

ఒక్క స్వరం దగ్గర, సన్నగా. పాట తిరిగి పల్లవికి వచ్చింది. మళ్లీ అదే స్వరం, అదే జీర, వెంట్రుకవాసి తేడా లేకుండా. నా గిటార్ నా వీపు మీద సంచిలో ఉంది. అందులోని ఏడో మెట్టు లోపల స్పీకర్లో మోగుతోంది.

లోపలికి వెళ్లాను. స్టేజీ మీద కమాల్ బాషా, ఇద్దరు సింగర్లు, శ్రీవత్స. నేను నిలబడే చోట పూలకుండీ పెట్టారు. శ్రీవత్స కుడిచేయి పాట వాయిస్తోంది. ఎడమచేయి కీబోర్డు మంద్రస్వరాల మీద నన్ను వాయిస్తోంది. ఫ్లాట్‌వౌండ్ ఎందుకు కావాల్సి వచ్చిందో అప్పుడు అర్థమైంది. వేలు జరిగిన చప్పుడు పడకూడదు కదా, స్వరాలు ఒక్కొక్కటే కోసి కంప్యూటర్లో దాచుకుని, కీబోర్డులోకి ఎక్కించుకోవడానికి! దానికి తగిన తీగలు పది రోజులు కూర్చుని నేనే ఏరి పెట్టాను.

పాట ముగిశాక నన్ను చూశాడు. ముఖం పాలిపోయింది. వెంటనే నవ్వు తెచ్చుకుని స్టేజీ దిగి, నా భుజం పట్టుకుని పక్కకు తీసుకుపోయాడు.

"లోకా, నేనే వచ్చి చెప్దామనుకుంటాంటి. అందరూ చిన్న సెట్టు అడుగుతాండారప్పా. నలుగురికి మించితే వద్దంటాండారు. అయినా నీ సౌండు వేరేవాళ్లకు ఇయ్యలేదు చూడు. ప్రతి పాటలో నువ్వే ఉండావు."

"నేను ఉండానా? మరి జొరమెవరికి సామీ?"

వాడు స్టేజీ వైపు చూశాడు.

"నా ముఖం చూసి, లోకా ఇంక నువ్వు వద్దప్పా అని చెప్పింటే, నాలుగు తిట్టి పోతాంటి. మా ఇంట్లో టీ తాగి, నా చేత్తోనే నా గొంతు కోయిస్తివి కదరా!"

ఇన్నేళ్లలో వాణ్ణి రా అనడం అదే మొదలు. తాంబూలాలు పట్టుకుని పోతున్న ఆడవాళ్లు ఆగి చూశారు. కమాల్ బాషా ప్యాడ్స్ దగ్గర తల దించుకుని కూర్చున్నాడు.

"మెల్లగా లోకా, జనాలు వింటాండారు."

"ఒక్కటి అడుగుతా, చెప్పు. పాటలో జీర వస్తాంది, వినపడ్తాందా నీకు? మూడో తీగ, ఏడో మెట్టు. అది ఎట్లొచ్చిందో గుర్తుందా?"

శ్రీవత్స కనుబొమ్మలు ముడేసి, నిజంగానే ఆలోచించాడు. నేను వాడి ముఖమే చూస్తున్నాను. చిలమకూరు అంటాడేమో, వాన అంటాడేమో, కనీసం కీబోర్డు అంటాడేమోనని. అంటే ఏం చేసేవాణ్ణో తెలియదు. బహుశా అక్కడే ఏడ్చి, క్షమించి, ఇంటికి వచ్చేసేవాణ్ణి. నా బుద్ధి నాకు తెలుసు.

వాడి ముఖం విప్పారింది.

"ఓ, అదా! నేనూ విన్యా. టైం దొరకలేదప్పా. వచ్చే ఫంక్షన్‌కల్లా కంప్యూటర్లో క్లీన్ చేసి తీసేస్తాలే" అన్నాడు, నాకేదో మేలు చేస్తున్నట్టు.

బయటికి వచ్చి గేటు ఎదురుగా, రోడ్డు అవతల నీడలో బస్సు కోసం నిలబడ్డాను. భోజనాలు వడ్డిస్తున్నట్టున్నారు, వంకాయ కూర వాసన వస్తోంది. లోపల ఇంకో పాట మొదలైంది. ఇద్దరం కుర్రతనంలో మొట్టమొదట నేర్చుకున్న పాటే. వద్దనుకుంటున్నా నా ఎడమచేతి వేళ్లు సంచి పట్టీని నొక్కుతూ పాటతో పాటు నడిచాయి. ఆ స్వరం వచ్చింది. అలవాటు ప్రకారం నా వేళ్లు ఏడో మెట్టును తప్పించుకుని, పక్క తీగ మీదికి వెళ్లాయి. లోపల అదే ఏడో మెట్టు, అదే జీరతో, నేను లేకుండా మోగింది.