చరణంలో విరుపు

టీవీలో పాటల పోటీ ప్రత్యక్ష ప్రసారం మొదలై గంటన్నర దాటింది. పొద్దుటి నుంచి అద్దాల గది వదలని సౌండాయన కడుపులో కాఫీ చుక్క తప్ప ఏమీ లేదు. ఎదుట వేదిక మీద దర్జీ కూతురు తలవంచుకుని నిలబడింది. పిల్ల బాగానే పాడింది. అయినా యాంకరమ్మ వదల్లేదు.

"చరణంలో గొంతు కొంచెం విరగాలి కదమ్మా. ఆ విరుపు లేకపోతే ఇది నా పాటెలా అవుతుంది? దానికోసం నేనెన్నాళ్ళు సాధన చేశానో నీకేం తెలుసు?"

జనం చప్పట్లు కొట్టారు. పిల్ల కళ్ళు తుడుచుకుంది.

అది సాధన కాదు, దగ్గు. సౌండాయన భార్యది.

పెద్ద గాయనికి దారి చూపడానికి ముందుగా మరొకరు పాడిపెట్టేదే ట్రాక్. భార్య చేసిన పని అదే. పాటకు ఆరు వందలు, పేరుండదు. గాయని వచ్చి మళ్ళీ పాడుకోవాలి. ఈ యాంకరమ్మ అప్పట్లో పెద్ద గాయని; వచ్చేది, శ్రుతి నిలిచేది కాదు, ట్రాకే ఉంచేయమని కారెక్కేది. ఆ పాటనాడు భార్య ఊపిరాడక పాడలేనంది. ఒక్క పాటే కదా అని చెయ్యిపట్టి మైకు ముందు నిలబెట్టింది సౌండాయనే. ఆమె దగ్గు ఆపుకోబోతే గొంతు విరిగింది. లోకం ఆ విరుపుకే పడి చచ్చింది. ఏడాది తిరక్కుండా ఆమె నిజంగానే చచ్చింది.

పాడిపెట్టే మనిషి పోయాక ఈవిడ పాట మానేసి టీవీకెక్కింది. పేరు మోగుతుండగా వదిలేసిన త్యాగశీలి అని పత్రికలు రాశాయి. నాలుగేళ్ళుగా ఆయన ఈ అద్దం వెనకే కూర్చున్నాడు. జీతం కోసమేనని అంతా అనుకున్నారు.

నిర్మాత తలుపు తోసి లోపలికి తొంగిచూశాడు. "బాబాయ్, ఆ చరణం ఆవిడే పాడి చూపిస్తారట. ఎప్పట్లాగే మైకు మూసి ట్రాక్ వదులు. ఆవిడ పెదాలు కదుపుతారు, నువ్వు మీట కదుపు. ఇద్దరికీ జీతాలొస్తాయి."

అతను వెళ్ళగానే సౌండాయన లేచి తలుపు గడియపెట్టాడు. వచ్చి మైకు తెరిచాడు. ట్రాక్ జోలికి పోలేదు.

యాంకరమ్మ కళ్ళు మూసుకుని పెదాలు కదిపింది. స్పీకర్లలో పాట మోగలేదు. కళ్ళు తెరిచి అద్దం వైపు చూసింది. దర్జీ కూతురు తలెత్తింది. బయట నిర్మాత తలుపు బాదుతున్నాడు.

హాలంతా వినిపించే మీట పైకి తోసి, సౌండాయన తన మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"పాడండమ్మా," అన్నాడు. "వింటున్నాం."