ఒక్క గిలాస తక్కువ

అశోక్‌నగర్, చిక్కడపల్లి గల్లీల్లో సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున అయిదున్నరకు నల్లా వస్తుంది. ముందు గాలి వస్తుంది, తర్వాత కాస్త తుప్పు నీళ్ళు, ఆ తర్వాత మంచినీళ్ళు. బుధవారమైతే మంచినీళ్ళతో పాటు ఉమాకాంత్ సార్ మాటలు కూడా వస్తాయి.

ఉమాకాంత్ నారాయణగూడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో హైడ్రాలిక్స్ చెబుతాడు. నలభై ఏడేళ్ళ మనిషి. వారంలో ఆరు రోజులు పైపుల్లో పారే నీళ్ళ గురించి పాఠం చెప్పి, ఏడో రోజు నాగార్జునసాగర్ వెనక జలాల్లో ఈదుతాడు. స్విమ్మింగ్ పూల్ అంటే ఆయనకు గిట్టదు. "ఈ గోడ నుంచి ఆ గోడకు, ఆ గోడ నుంచి ఈ గోడకు. అదేం ఈత? పరీక్ష హాల్లో ఇన్విజిలేషన్ చేసినట్టుంటది" అంటాడు. ఆదివారం తెల్లవారుజామున రెండింటికే స్కూటర్ తీసి, అంత దూరమూ పోయి, నడుముకు నారింజరంగు గాలిసంచి కట్టుకుని, ఎవరికీ కనబడనంత దూరం ఈది వస్తే తప్ప ఆయనకు సోమవారం క్లాసుకు పోబుద్ధి కాదు.

ఈదేవాళ్ళు తల పైకెత్తి ఊపిరి పీల్చుకుని నీళ్ళలో వదులుతారు. అందరికీ బుడగలు వస్తాయి. ఉమాకాంత్‌కు బుడగలతో పాటు మాటలు కూడా వచ్చేస్తాయి. అక్కడ ఈత మొదలుపెట్టిన మొదటి ఏడాది చలికాలంలో ఆయన నీళ్ళలో మునగగానే "అమ్మో, చలి" అన్నాడు. ఆ మాట కాలువలు దాటి, పంపుహౌసులు ఎక్కి, ఫిల్టర్ బెడ్లలో నాని, బుధవారం నాటికి చిక్కడపల్లిలో బాలనాగమ్మ బిందెలో పడింది. ఆమె "సార్‌కు సర్దయ్యేటట్టుంది" అనుకుని బిందె నిండగానే పక్కకు జరిపింది. ఇంకోసారి ఆయన ఈదుతూ ఈదుతూ సోమవారం చెప్పాల్సిన పాఠం మననం చేసుకుంటే, ఉద్యోగ పరీక్షలకు చదివే హాస్టల్ పిల్లలు నల్లా దగ్గర కూర్చుని కాలువలో నీళ్ళ వేగం లెక్కగట్టే మ్యానింగ్ ఫార్ములా మొత్తం రాసుకున్నారు. ఒకరిద్దరికి ఉద్యోగాలు కూడా వచ్చాయని చెప్పుకుంటారు.

నీళ్ళలో అన్న మాట చెదరదు. ఒక్క చోటికే, అన్న వరుసలోనే వస్తుంది. ఏ సమయానికి ఎంత లోతులో అంటే ఏ గల్లీకి వస్తుందో ఉమాకాంత్ రెండేళ్ళు కష్టపడి లెక్క కట్టాడు. ఆరూ ఇరవైకి, రెండడుగుల లోతున అంటే అది చిక్కడపల్లి లైన్. అందులో ఆయనకు అనుమానమే లేదు.

గట్టు మీద మాత్రం ఈయన నోరు పెగలదు. క్లాసులో యాభై నిమిషాలు గుక్క తిప్పుకోకుండా మాట్లాడే మనిషి, చేతికున్న సుద్ద దులుపుకుంటే అంతే. ఇంట్లో భార్య దమయంతి మాట్లాడేది, ఆయన వినేవాడు. ఆమె ఒక ప్రభుత్వ బడిలో కెమిస్ట్రీ టీచరు. పిల్లలు ఏం పగలగొట్టారో, హెడ్‌మాస్టర్ ఎవరి మీద అలిగాడో, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేది. ఆయన ఊఁ కొట్టేవాడు. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆయన నోరు తెరిచి గట్టిగా చెప్పిన మాట ఒక్కటే. పోకు.

ఆ మాట రెండుసార్లు అన్నాడు. రెండుసార్లూ ఆమెకు ప్రిన్సిపాల్‌గా ప్రమోషన్ వచ్చింది, వేరే జిల్లాకు పోవాల్సి వచ్చింది. ఆయన పోకు అన్నాడు, ఆమె మానుకుంది. మూడోసారి అచ్చంపేట ఆడపిల్లల గురుకులం వచ్చింది. ఈసారి ఆమె ఆయన్ను అడగలేదు. ఆ మాట వినబడనంత దూరంలో ఉండి ఆలోచించుకుంటానని చిక్కడపల్లిలో తమ్ముడి ఇంటికి పోయింది. పోయి మూడు నెలలైంది. వచ్చే గురువారం ఆమె అచ్చంపేటలో చేరాలి.

శనివారం సాయంత్రం ఉమాకాంత్ ఆ ఇంటికి పోయాడు. దమయంతి పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుతోంది. చాయ్ ఇచ్చింది. ఆయన ఫ్యాన్ వైపు చూశాడు.

"ఫ్యాన్ చప్పుడైతుంది. బేరింగ్ పోయినట్టుంది" అన్నాడు.

"మా తమ్మునికి చెప్త." ఆమె చేతిలోని పుస్తకం పెట్టెలో పెట్టింది. "ఇంకేమన్న చెప్పేదుందా?"

"ఏం లేదు."

దమయంతి ఖాళీ కప్పు తీసుకుని లోపలికి పోయింది. లోపల సింకు ముందు నిలబడి, కప్పు కడగడం అయిపోయాక కూడా నీళ్ళు వదిలే ఉంచింది. ఆయన మాట కోసం ఆమె పడే ఆశ ఆయనకు తెలియదు. ఏ మాట వస్తుందోనని ఆమె పడే భయం అసలే తెలియదు.

ఆదివారం నీళ్ళు చల్లగా, నల్లగా ఉన్నాయి. ఉమాకాంత్‌కు కుడిచేతి బలం ఎక్కువ, అందుకని ఎప్పుడూ ఎడమకు పోతాడు. అప్పుడప్పుడు తల ఎత్తి ఒడ్డున గుర్తు చూసుకోకపోతే, తిన్నగా పోతున్నాననుకుంటూనే ఎటో తేలతాడు. పిల్లలకు చెప్పే పాఠంలో నీళ్ళకు ఎత్తు నుంచి పల్లానికి పోవడం ఒక్కటే తెలుసు. ఈదేవాడికి అది కూడా తెలియదు. కింద ఎంత లోతుందో కనబడదు, పక్కన ఎవరూ ఉండరు. ఇన్నాళ్ళూ ఆ ఒంటరితనం కోసమే ఇంత దూరం వచ్చేవాడు. ఎందుకంటే తిరిగి పోయేసరికి ఇంట్లో మాట్లాడే మనిషి ఉండేది. ఇప్పుడు ఇక్కడా ఎవరూ లేరు, అక్కడా ఎవరూ లేరు. ఆయనకు నీళ్ళలోనే ఏడుపొచ్చింది.

ఆరూ ఇరవైకి ఊపిరి పీల్చుకుని ముఖం ముంచాడు.

"పోకు, దమయంతీ. రోజూ రెండు కప్పుల చాయ్ పెడుతున్న. ఒకటి తాగుతున్న, ఇంకోటి చల్లారేదాక చూస్తున్న. నాకు మాట్లాడుడు రాదు గానీ నీ మాటలు వినుడు వచ్చు. అవి లేక ఇల్లు నన్ను ఉండనిస్తలేదు. నువ్వెక్కడుంటే నా పానం అక్కడ్నే తిరుగుతుంది."

ఇంత పొడుగు మాట ఆయన జన్మలో అనలేదు. ఊపిరాడక పైకి వచ్చి, గాలిసంచి పట్టుకుని చాలాసేపు తేలుతూ ఉండిపోయాడు.

బుధవారం అయిదుంబావుకే చిక్కడపల్లిలో బామ్మర్ది ఇంటి ఎదురుగా ఉన్న చాయ్ కొట్టు ముందు నిలబడ్డాడు. అయిదున్నరైంది. బిందెలు వరుసలో ఉన్నాయి గానీ నల్లా గాలి కూడా వదల్లేదు. ఆరైంది. లైన్‌మన్ దుర్గయ్య వాల్వు తిప్పే పొడుగాటి ఇనుప తాళం భుజాన వేసుకుని అటుగా వచ్చాడు.

"దుర్గయ్యా, నల్లా ఏది?"

"రాత్రి పైపు లీకైంది సారూ. ఈ లైన్ బంద్ పెట్టి నీళ్ళు దోమలగూడ కింద బస్తీకి మలిపిన." దుర్గయ్య ఆయన ముఖం చూశాడు. "ఏం సార్, మీయి ముఖ్యమైనయేమన్న ఉండెనా?"

"ఏం లేదు" అన్నాడు ఉమాకాంత్. ఆయన లెక్కలో కాలువ ఉంది, పంపు ఉంది, దుర్గయ్య లేడు. ఇరవై ఏళ్ళుగా నీళ్ళ పాఠం చెబుతున్న మనిషి అంత తప్పు చేసినందుకు సిగ్గుపడుతూ ఇంటికి పోయాడు.

దోమలగూడ కింద, లోయర్ ట్యాంక్ బండ్ వైపు పోయే దారిలో ఉన్న ఆ బస్తీలో కురుమమ్మ ఉంటుంది. పాలమూరు నుంచి వచ్చి ఎనిమిదేళ్ళైంది. మొగుడు మాసయ్యతో కలిసి బిల్డింగ్ పనులకు పోతుంది, పనికి పోకముందు దమయంతి తమ్ముడి ఇంట్లో గిన్నెలు తోముతుంది. ఆ బుధవారం మాసయ్య పుణెకు కూలిపనికి పోతున్నాడు. కూలీలను తీసుకుపోయే మేస్త్రీ బండి ఏడింటికి వస్తుంది. పోయినసారి పోతే తొమ్మిది నెలలకు వచ్చాడు, సగం మనిషై వచ్చాడు, వచ్చాక చాలా రోజులు నిద్రలో ఉలిక్కిపడేవాడు. కురుమమ్మ గుండెలో రాయి పడ్డట్టుంది. కానీ బయలుదేరే మనిషిని ఆపితే వాడికి మంచిది కాదని చిన్నప్పటి నుంచి విని ఉంది. అందుకని రాత్రంతా రొట్టెలు చేసి మూటకట్టింది గానీ నోరు తెరవలేదు.

పోయేవాడికి మంచినీళ్ళు ఇచ్చి పంపడం ఉంది కదా. నల్లా రాగానే ముందు గిలాస పట్టింది. గిలాస నిండుతుండగా "పోకు" అని వినిపించింది. కురుమమ్మ గిలాస తీసి బిందె పెట్టగానే "దమయంతీ" అని మొదలై మిగతా మాటలన్నీ అందులో పడ్డాయి.

వెనక నిలబడ్డ పెంటమ్మ "సార్ గొంతు గదనే ఇది! ఇటెందుకొచ్చినయ్?" అంది.

"దమయంతక్కయి. తప్పొచ్చినయ్."

"తప్పొచ్చినా నీళ్ళు నీళ్ళే. జర జల్దీ నింపు, వెనక ఎంతమందిమున్నమో చూడు."

గిలాసలో ఉన్న మాట తనది కాదని కురుమమ్మకు తెలుసు. కలిపి బిందెలో పోసేయాలి, అదే న్యాయం. గుడిసె దాకా పోతూ రెండుసార్లు ఆగింది కూడా. మాసయ్య చెప్పులు వేసుకుని, మూట భుజానికి తగిలించుకుని గడపలో నిలబడి ఉన్నాడు. ఆమె గిలాస ఆయన చేతికిచ్చింది. గటగటా తాగాడు.

తాగి అక్కడే నిలబడ్డాడు. గొంతు తడుముకున్నాడు.

"ఏం నీళ్ళే ఇవి?"

"నల్లా నీళ్ళే."

మాసయ్య ఆమె ముఖం వంక చూశాడు. పెళ్ళైనప్పటి నుంచి అంత తీరిగ్గా ఎప్పుడూ చూడలేదు. కాసేపటికి మూట దించి గడప మీద కూర్చున్నాడు. బయట బండి హారన్ కొట్టింది. "ఈపారికి నేను రాను మేస్త్రీ, ఈడ్నే ఏదన్న చూసుకుంట" అని కూర్చున్న చోటు నుంచే అరిచాడు. బండి ఇంకో రెండుసార్లు కొట్టి వెళ్ళిపోయింది.

కురుమమ్మ కళ్ళు తుడుచుకుని, తలమీద బట్ట చుట్టి బిందె ఎత్తుకుంది. మీద పళ్ళెం మూసి, దోమలగూడ నుంచి చిక్కడపల్లి దాకా నడిచింది. చౌరస్తాలో ఒక బైకు రాసుకుంటూ పోయింది. నాలుగు చుక్కలు భుజం మీద చిందితే "కప్పుల" అని చెవి పక్కన వినిపించింది. అక్కడి నుంచి ఇంకా నెమ్మదిగా నడిచింది.

దమయంతి తలుపు తీసింది.

"అక్కా, సార్ మాటలు మా బస్తీకొచ్చినయ్. తెచ్చిన." బిందె దించింది గానీ చేయి తీయలేదు. "ఒక్క గిలాస తక్కువున్నది. నేనే వాడుకున్న. మా మాసయ్యకు తాగిచ్చిన. తిట్టాల్నంటే తిట్టు."

"అందుల ఏమున్నది?"

"పోకు అని ఉండె."

దమయంతి గోడకు ఆనుకుంది. ముందు నవ్వింది, తర్వాత కొంగు కళ్ళకు అద్దుకుంది. "మంచి పనే చేసినవ్ కురుమమ్మా. ఆ మాటలు నా దగ్గర ఇప్పటికే రెండున్నయ్. ఆగిండా మాసయ్య?"

"ఆగిండక్కా."

ఆమె పోయాక దమయంతి తలుపు దగ్గరకు వేసి, బిందె పక్కన కింద కూర్చుని చెవి ఆనించింది. ఆ రోజు బడికి పోలేదు. పుస్తకాలు సర్దలేదు.

సాయంత్రం అయిదింటికి అశోక్‌నగర్‌లో తన ఇంటి మెట్లెక్కింది. ఉమాకాంత్ అప్పుడే కాలేజీ నుంచి వచ్చి సుద్ద చేతులతోనే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి లేచాడు.

"మీ మాటలు అందినయ్" అంది దమయంతి.

"అందినయా? దుర్గయ్య లైన్ బంద్ అన్నడు."

"అందినయ్." నిలబడే చెప్పడం మొదలుపెట్టింది, తన పిల్లలు పద్యం అప్పజెప్పినట్టు. "దమయంతీ. రోజూ రెండు చాయ్ పెడుతున్న. ఒకటి తాగుతున్న, ఇంకోటి చల్లారేదాక చూస్తున్న." చివరిదాకా చెప్పింది. నువ్వెక్కడుంటే నా పానం అక్కడ్నే తిరుగుతుంది అని ముగించింది. "రేపు పొద్దున పోతున్న. ఏమన్న తక్కువైందా? తక్కువైతే ఇప్పుడు చెప్పండి."

తక్కువైంది. ఉమాకాంత్‌కు తెలుసు. ఆ మాట నాలుక మీదే ఉంది, రెండుసార్లు పనికొచ్చిన మాటే. ఆమె ఆయన నోటి వంకే చూస్తోంది. ఆ చూపులో ఏముందో ఆయన మొదటిసారి చూశాడు. అది కోపమని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. కాదు, అది భయం. తను నోరు తెరిచినప్పుడల్లా ఈమె ఇట్లాగే చూసి ఉంటుంది. ఆ మాట లేకుండా తన మాటలు ఎలా వినిపించాయో ఇంకోసారి లోపల విని చూసుకున్నాడు. తను చెప్పాలనుకున్నది అదే. ఏమీ తక్కువ కాలేదు.

"బస్సు ఎన్నింటికి?" అన్నాడు.

దమయంతి ఊపిరి వదిలింది. "ఆరున్నరకు. ఇమ్లీబన్‌ల ఎక్కాలె."

"పుస్తకాల పెట్టెలు బరువుంటయ్. నేనొస్త."

"బస్టాండు దాకనా?"

ఉమాకాంత్‌కు గట్టు మీద మాట పెగలడానికి ఎప్పుడూ పట్టేంత సేపే పట్టింది. ఆమె ఓపికగా నిలబడింది.

"అచ్చంపేట దాక" అన్నాడు. "శనివారం శనివారం గూడ వస్త."

గురువారం పొద్దున నారాయణగూడ కాలేజీలో మూడో సంవత్సరం పిల్లలు మొదటి పీరియడ్‌కు వచ్చి కూర్చున్నారు. పావుగంట చూశారు, సార్ రాలేదు. పిల్లలు సంతోషంగా చాయ్ తాగడానికి పోయారు.