యదుల్లా రెండో కాగితం

ఇరాన్‌లోని షీరాజ్‌లో ఒక కాలేజీలో టీ ఇచ్చేవాణ్ణి నేను. మనసు నిలకడను కొలిచే ప్రశ్నలు ఫార్సీలో సరిగా పనిచేస్తాయో లేదో తేల్చడానికి, కియారష్ అనే విద్యార్థి మా పనివాళ్లందరినీ రెండు వారాల తేడాతో రెండుసార్లు అడగాలి.

ఈరోజు కియారష్ పని చూసే ప్రొఫెసరమ్మ బల్ల మీద రెండోసారి నింపిన కాగితాలున్నాయి. పైది కాపలాదారు యదుల్లాది, నిన్నటి తేదీతో. "నా ఊపిరిని గమనిస్తుంటాను" అన్నచోట "ఎప్పుడూ" అని గుర్తు పెట్టి ఉంది.

"యదుల్లా పోయి తొమ్మిది రోజులైందమ్మా. చావింట్లో పంచే హల్వా నేనే పంచాను," అన్నాను.

"ఒక్కడేగా బాబాయ్, తీసేస్తే సరి!" అని నవ్వాడు కియారష్.

"బతికున్నవాళ్లనైనా అడిగావా?" అన్నాను.

వాడు కాగితాలు సర్ది ఆవిడ ముందుకు జరిపాడు. అంతా సరిగ్గా ఉందన్నట్టు ఆవిడ తలెత్తకుండా వాటి మీద సంతకం పెట్టింది. ఇద్దరి ముందున్న టీ గ్లాసులూ తీసుకెళ్లి తొట్టిలో పారబోశాను.