ఆపేసిన రీలు

ఎమిల్ హావ్లిక్ ఫొటో గోడ మీద పెట్టడానికి వీల్లేదని మా మ్యూజియం కమిటీ తేల్చేసింది. అందుకు ఒక కాఫీ తాగేంత సేపు కూడా పట్టలేదు.

ఆ మాట అతని చెల్లెలు అల్బీనాకి చెప్పే పని నా మీద పడింది. నేను రిటైరైన డిప్యూటీ షెరీఫ్‌ని. చెడ్డ కబురు మోసుకెళ్ళి, టోపీ తీసి గుమ్మంలో నిలబడటం నాకు అలవాటేనని వాళ్ళ ధీమా.

లారబీ కౌంటీ మ్యూజియం అంటే పాత జైలే. కింద అంతస్తులో మా చరిత్ర ఉంది. గడ్డినేలని మొదటిసారి చీల్చిన నాగలి, యూరప్‌లోని బొహీమియా నుంచి మా తాతలు మోసుకొచ్చిన ఈకల దుప్పట్లు, మంచు తుఫానులో టీచరు పిల్లల చేత పట్టించి నడిపించిన తాడు. వాటి ముందు ఎవరూ ఆగరు. అందరూ తిన్నగా మేడ మెట్లెక్కుతారు. అక్కడ, ఒకప్పటి ఖైదీల గదుల ఎదురు గోడంతా, ఈ కౌంటీలో పుట్టి కాలేజీ ఫుట్‌బాల్ ఆడినవాళ్ళ ఫొటోలు.

నట్టనడుమ లైల్ ఓస్టర్‌మన్. మా కమిటీ పెద్ద కూడా ఆయనే. ఫొటో కింద గాజుపెట్టెలో ఆయన చొక్కా పీలిక ఉంటుంది. ఆ రోజుల్లో బంతి పట్టుకుని పరుగెత్తేవాళ్ళకి పల్చటి గుడ్డతో చొక్కాలు కుట్టేవారు. వెనకనుంచి పట్టుకున్నవాడి చేతిలోకి పీలిక రావాలి, మనిషి తప్పించుకుపోవాలి. డెబ్బై ఒకటిలో ఆడిన ఆఖరి ఆటలో తనవి వరసగా చిరిగిపోయి, దాచుకున్నవి కూడా అయిపోయాయని లైల్ ఏటా చెప్తాడు. మేం ఏటా నవ్వుతాం.

ఎమిల్‌దీ ఆ కాలేజీయే, ఆ జట్టే. ఆఖరి ఆట డకోటాలో జరిగింది. మంచూ వానా కలిసి కురుస్తూంటే రోడ్లు మూసేశారు. మా వాళ్ళెవరూ వెళ్ళలేకపోయారు. ఎలివేటర్ అని మేం పిలిచే ధాన్యం గిడ్డంగి దగ్గర రేడియోకి మైకు తగిలిస్తే కౌంటీ కౌంటీ అక్కడే నిలబడి విన్నది. గెలవడానికి బంతిని ఇంకొక్క గజం ముందుకి మోసుకెళ్ళాలి. అప్పుడు రేడియోలో మనిషి అన్నాడు, ముప్ఫై మూడో నంబరు, హావ్లిక్, బంతి జారవిడిచాడని.

అక్కడితో ఆట పోయింది. ఎమిల్ బతుకూ అక్కడితో పోయింది.

చదువయ్యాక వచ్చి అదే ఎలివేటర్‌లో పనిలో చేరాడు. బస్తా ఎత్తితే "పైలం ఎమిల్, జారుద్దేమో" అనేవారు. అతనూ నవ్వేవాడు. ఎవరింట్లోనో బాప్టిజం విందులో పసిబిడ్డని అందరి చేతులకీ ఇస్తున్నారు. ఎమిల్ వంతు వచ్చేసరికి ఎవరో "వాడికి మాత్రం ఇవ్వకండర్రా" అన్నారు. హాలంతా ఘొల్లుమంది. ఆ తర్వాత ఎవరి బిడ్డ కనిపించినా ఎమిల్ చేతులు వెనక్కి కట్టుకునేవాడు. పెళ్ళి చేసుకోలేదు. మొన్న ఏప్రిల్‌లో పోయాడు.

అల్బీనా నా మాట విని ఏడవలేదు. కోలాచీలు, గసగసాలు కూరిన తీపి రొట్టెలు, పళ్ళెంలో పెట్టి నా ముందుకి తోసింది.

"గోడ సంగతి అలా ఉంచు హెర్బర్ట్. ఈసారి విందులో ఆ సినిమా చివరిదాకా వెయ్యి."

కొరికిన ముక్క పళ్ళెంలో పెట్టేశాను.

ఆటల కాలం మొదలవడానికి ముందు మ్యూజియంలో ఏటా విందు పెడతాం. తిన్నాక ఆ డకోటా ఆట చూస్తాం. కోచ్‌లు తీయించుకున్న రీలు అది. కాలేజీ మూతపడినప్పుడు మాకు పంపేశారు. మొదటి ఏడు నుంచీ ప్రొజెక్టర్ యంత్రం దగ్గర నిలబడేది లైలే. ఆఖరి పరుగు ముందు స్విచ్చి నొక్కి ఆపేస్తాడు. హావ్లిక్‌ల పరువు కోసం అంటాడు. ఎంత మంచి మనసో అని మేం చప్పట్లు కొట్టి కోలాచీల మీద పడతాం. మ్యూజియం తాళంచెవి నా దగ్గరే ఉంది. నేను కూడా ఎప్పుడూ చివర చూడలేదు. ఏం జరిగిందో అందరికీ తెలిసిందే. మళ్ళీ చూడటమెందుకు?

అదే చెప్పాను. చూస్తే మీకే బాధ అన్నాను.

"బాధ నాకు కొత్తా? మా అన్న పరుగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. నాన్న పంపేవాడు కాదు. పడిపోయేదైనా సరే, ఒక్కసారి చూడాలి. నాకూ అట్టే కాలం లేదు."

గుండె జబ్బు సంగతి ఊరందరికీ తెలుసు. సరేనన్నాను.

మర్నాడు పొద్దున్నే లైల్ ట్రక్కు మా వాకిట్లో ఆగింది. దిగకుండానే అద్దం దించాడు. నువ్వు మాటిచ్చావట కదా అన్నాడు. పెద్దావిడ, గుండె ఆగిపోతే ఎవరిది పాపం అన్నాడు. చివర ముక్క పాడైపోయి ఉంటుంది, కత్తిరించి పారేస్తే సరి అని కూడా అన్నాడు.

నేను ముప్ఫై ఏళ్ళు పోలీసు పని చేశాను. పరాయివాళ్ళ పరువు కోసం వచ్చినవాడికి నుదుటి మీద అలా చెమట పట్టదు. ఆయన వెళ్ళగానే మ్యూజియానికి పోయి రీలు తీసి ఇంట్లో బీరువాలో పెట్టుకున్నాను. వేసి చూడలేదు. ముందు చూసే హక్కు అల్బీనాదనిపించింది.

విందు రోజు జైలు మేడ కిటకిటలాడింది. రీలు యంత్రానికి ఎక్కించడానికి తంటాలు పడుతూంటే వెనకనుంచి మా కమిటీలోని ముసలి స్టాన్లీ అందుకున్నాడు. "దొంగల్ని కూడా ఇంత చురుగ్గానే పట్టేవాడివా హెర్బ్? అందుకే మన జైలు మ్యూజియమైంది."

అందరూ నవ్వారు. లైల్ నవ్వలేదు. ఎప్పటిలాగే వచ్చి స్విచ్చి పక్కన నిలబడ్డాడు. అల్బీనా ముందు వరసలో, అన్న కోటు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

దీపాలు ఆర్పాం. నలుపూ తెలుపూ, చప్పుడు లేని ఆట. బురదలో మనుషులు లేచీ పడీ. ప్రతి ఏడూ చూసే దెబ్బలే, ప్రతి ఏడూ వేసే కేకలే. గడియారం ఆఖరి నిమిషానికొచ్చింది. జట్లు గీత ముందు వంగాయి. లైల్ చెయ్యి స్విచ్చి మీదికి వెళ్ళింది.

అల్బీనా వెనక్కి తిరగలేదు.

"లైల్, ఈసారి ఆపకు."

గొంతు పెంచలేదు. బతిమాలినట్టుగా అడిగింది. నేను అడ్డుపడటానికి ఒక అడుగు వేశాను. ఆ అవసరం రాలేదు. లైల్ చెయ్యి స్విచ్చి మీద కాసేపు ఉండి, దానంతటదే కిందికి జారింది.

తెర మీద ముప్ఫై మూడో నంబరు బంతి అందుకున్నాడు. మూడడుగులు. నలుగురు మీద పడ్డారు. బంతి చేతుల్లోంచి జారి బురదలో దొర్లింది. అవతలివాళ్ళు దాని మీద దూకారు. హాల్లో అందరూ తలలు దించుకున్నారు. నేను దించుకోలేదు.

ముప్ఫై మూడు మోకాళ్ళ మీదే ఉండిపోయాడు. హెల్మెట్ పీకి నేలకి కొట్టాడు. ముఖం కెమెరా వైపు తిరిగింది.

అది గోడ మీద నట్టనడుమ ఉన్న ముఖం.

ఎవరో ఊపిరి ఎగబీల్చిన చప్పుడు వినబడింది. అప్పుడు తెర అంచు నుంచి ఇంకొకడు వచ్చాడు. ఒంటి మీద ఎవరిదో చాలని చొక్కా, మాకెవరికీ తెలియని నంబరు. కానీ ఆ దొడ్డికాళ్ళ నడక మా కౌంటీలో కుక్కలు కూడా గుర్తుపడతాయి. ఎమిల్. వంగి, రెండు చంకల కింద చేతులేసి లైల్‌ని లేపాడు. భుజం చుట్టూ చెయ్యి వేసి నడిపించుకుపోయాడు. రీలు అయిపోయింది. తెర తెల్లబడింది.

ఎవరూ దీపం వెయ్యలేదు. ఆ తెల్లటి వెలుగులోనే లైల్ మాట్లాడాడు.

తన చొక్కాలు అయిపోతే ఎమిల్ అదనంగా దాచుకున్న తన ముప్ఫై మూడో నంబరు చొక్కా ఇచ్చాడట. తర్వాత ఎమిల్ ఒంటి మీదిదీ చిరిగితే, ఆటలో దిగకుండా బల్ల మీద కూర్చున్న కుర్రవాడిది తొడిగారట. పైనుంచి చూసే రేడియో మనిషికి తెలిసింది నంబరొక్కటే. మర్నాడు పేపరు వాళ్ళు రేడియోలో విన్నదే రాశారు.

"బస్సులో వార్తలు విన్నాం. ఫోన్ చేసి సరిదిద్దుతానన్నాను. వద్దన్నాడు. మీ అమ్మ మంచంలో ఉండి వింటోంది, ఆవిడకి ఈ చలికాలమే ఎక్కువ, ఆవిడ చెవిన పడనీకు అన్నాడు. మా నాన్నకి ఇంగ్లీషే రాదు, మా ఇంట్లో వినేవాళ్ళెవరూ లేరన్నాడు. అమ్మ క్రిస్మస్ లోపే పోయింది. ఆ తర్వాత చెప్పొచ్చు. వాడు అడగలేదు. నేను చెప్పలేదు."

అల్బీనా అప్పుడు వెనక్కి తిరిగింది.

"నేను విన్నాను లైల్. ఎలివేటర్ దగ్గర. ఈ కోటు తొడుక్కుని."

లైల్ గోడ దగ్గరికి నడిచి తన ఫొటో మీద చెయ్యి వేశాడు. ఊడదీయబోతున్నాడని అర్థమైంది.

"దాన్ని ఉండనియ్యి. నువ్వూ ఆడావుగా. మా అన్నకి పక్కన చోటు చెయ్యండి, చాలు."

కమిటీలో ఎవరూ ఓటు మాట ఎత్తలేదు. స్టాన్లీ లేచి, ఎవరూ చెప్పకుండానే, పక్క ఫొటోలు ఒక్కొక్కటే జరపడం మొదలుపెట్టాడు.

నేను దీపం స్విచ్చి మీద చెయ్యి వేసేసరికి అల్బీనా ఆపింది. మళ్ళీ వెయ్యమంది. పడ్డ చోటు నుంచి కాదు, లేపే చోటు నుంచి.

రీలు వెనక్కి తిప్పడానికి చేత్తో తిప్పే పిడి ఉంది. నేను ముందుకి వెళ్ళబోయాను. నాకంటే ముందు లైల్ వచ్చి దాన్ని పట్టుకున్నాడు.